పట్కారుకు దొరకని రెండు పళ్లు

కిష్టవ్వ డాక్టరమ్మ చెంప మీద కొట్టింది.

కావాలని కొట్టలేదు, అలాగని పొరపాటునా కొట్టలేదు. కరీంనగర్‌లోని ఆ పళ్ల ఆసుపత్రిలో కుర్చీ వెనక్కి వాలింది, మొహం మీద లైటు వెలిగింది, పక్కన పళ్లెంలో సామానంతా తళతళలాడింది. ఆ సామానులో ఒక పట్కారు ఉంది. అది కంట్లో పడగానే అరవై ఎనిమిదేళ్ల మనిషి చెయ్యి తనంతట తానే లేచింది. డాక్టరమ్మ కళ్లజోడు ఎగిరిపోయి గోడకు తగిలింది. వెంట వచ్చిన కోడలు నవత పరుగున వచ్చి అత్త చేతులు రెండూ అదిమి పట్టుకుంది. అన్నిటికంటే పెద్ద తప్పు అదే. కిష్టవ్వ కోడలి ముంజేతిని నెత్తురు వచ్చేలా గీరింది, పళ్లేన్ని కాలితో తన్నింది, కుర్చీలోంచి జారి నేల మీద పడి రెండు అరచేతులతో నోరు మూసుకుంది.

డాక్టరమ్మ పేరు ప్రజ్ఞ. చిన్న వయసే. కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుంది, కిందపడ్డ పట్కారును తీసి సొరుగులో పెట్టి మూసింది, తర్వాత తనూ నేల మీదే కూర్చుంది. ఎదుటి మనిషి భయాన్ని చూసి కోపం తెచ్చుకోని డాక్టర్లు కూడా ఉంటారు, తక్కువగా.

"అమ్మా, నేను పన్ను పీకను. పీకాల్సిన పని లేదు. మీకున్నయే రెండు పండ్లు. రెండిటిలోనూ లోపలి నరం కుళ్లి చీము పట్టింది, అందుకే దవడ వాచింది. బాయిల పూడిక తీసినట్టు ఆ నరం వరకే తీసి, కడిగి, మందు నింపి పైన మూత పెడతా. రూట్ కెనాల్ అంటరు. పన్ను మీ నోట్లనే ఉంటది."

కిష్టవ్వ చేతులు తీయలేదు.

"మిగతా పండ్లన్నీ ఎట్ల పోయినయి?" అని అడిగింది ప్రజ్ఞ.

"బర్రె తన్నింది," అంది కిష్టవ్వ వేళ్ల సందులోంచి.

"బర్రె తన్నితే ఒక దిక్కే పోతయి గదమ్మా. మీ ఎక్స్‌రే ఫోటోల చూసిన. పైనా కిందా ఒక్కొక్కటిగా విరిచినట్టున్నయి. కొన్ని వేర్లు ఇంకా దవడలనే ఉన్నయి."

నవత తల దించుకుంది. ఆ బర్రె పేరు ఆమెకు తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆ బర్రె వాళ్ల పక్కింట్లోనే ఉంటుంది, పొద్దున లేచి పళ్లపుల్ల నములుతూ గోడ అవతల ఉమ్ముతుంది.

ఊరి పేరు చెప్పి లాభం లేదు. చెబితే చుట్టుపక్కల ఊళ్లన్నీ తమకేం సంబంధం లేనట్టు తల తిప్పుకుంటాయి. మెట్‌పల్లి నుంచి ఆటోలో పోవచ్చు, పసుపూ మక్కా పండిస్తారు, ఇంటికొక మగమనిషి గల్ఫ్‌లో ఉంటాడు, ఆడవాళ్లు అరుగుల మీద బీడీలు చుడతారు. అంతవరకు తెలిస్తే చాలు.

పాతికేళ్ల కింద ఆ ఊళ్లో పరశురాములు బిడ్డ మెదడువాపు జ్వరంతో చచ్చిపోయింది. పరశురాములు కిష్టవ్వకు పరాయివాడు కాడు. ఆమె మొగుడు లచ్చయ్యకు చిన్నాయన కొడుకు, వరసకు మరిది, నడుమ ఒక్కటే గోడ. మెట్‌పల్లిలో డాక్టరు పిల్లను చూసి వెంటనే కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు. పరశురాములు కరీంనగర్ కాకుండా మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయాడు. పిల్ల వాడి వాకిట్లోనే పోయింది. ఇక ఆ చావుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. తను చెప్పుకునే ధైర్యం పరశురాములుకు లేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ ఊరివాళ్లు దాన్ని తిరగేసి చదువుకున్నారు. ఊరికి చెడు జరిగిందంటే ఎవరిదో నోరు చెడ్డదై ఉండాలి. ఎవరి నోరు? కిష్టవ్వ అరుగు మీద కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేటప్పుడు ఆమె పెదవులు కదులుతుంటాయి. పొద్దంతా కదులుతూనే ఉంటాయి, మాట మాత్రం బయటికి వినబడదు. బాణామతి చేస్తోందనడానికి అంతకంటే సాక్ష్యం ఎందుకు?

జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. పంచాయతీ ఆఫీసు ముందరి కరెంటు స్తంభానికి బావి మోకుతో కట్టారు. అడ్డం వచ్చిన లచ్చయ్యను గొడ్డలి కామతో కొట్టారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు అక్కడున్న పిల్లలక్కూడా వినబడింది. మంత్రగత్తెకు పళ్లు పీకేస్తే మంత్రం పలకదు, పలికినా పారదు అని ఆ వైపు ఒక నమ్మకం. పరశురాములు కరెంటు మోటార్లు బాగుచేసేవాడు కాబట్టి పట్కారు అతని సంచిలోనే ఉంది. అతని జతగాడు రాయమల్లు ఆమె తలను చంకలో ఇరికించి పట్టుకున్నాడు. ముందు పళ్లు సులువుగానే వచ్చాయి. తర్వాతవి రాలేదు, విరిగాయి. కాసేపయ్యాక కిష్టవ్వ గొంతులోంచి వచ్చింది అరుపు కాదు, నెత్తుటి బుడగలు. కుడివైపు దవడ చివర పైన ఒకటి, కింద ఒకటి మిగిలాయి. నెత్తురుకు పట్కారు జారింది. మళ్లీ పట్టుకునేలోపు పోలీసు జీపు చప్పుడైంది.

లచ్చయ్య ఆ వానాకాలం చూడలేదు. కోర్టులో సాక్షులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఏమీ చూడలేదన్నారు. ఊరికి ఊరే ఆ పూట నాట్లకు పోయిందట. ఎండాకాలంలో ఏం నాట్లో ఎవరూ అడగలేదు.

కిష్టవ్వ ఊరు విడిచి పోలేదు. పోవడానికి ఆమెకు ఇంకో ఊరు లేదు. కొడుకు సాగర్‌ను అదే అరుగు మీద బీడీలు చుట్టి పెంచింది. మస్కట్ పంపింది, నవతను తెచ్చి పెళ్లి చేసింది. అయితే ఆ రోజు నుంచి బీడీలు చుట్టేటప్పుడు కొంగు నోట్లో కుక్కుకునేది, పెదవులు కదలకుండా. పాతికేళ్లు జావలా కాచిన మక్క గట్క తాగింది. రొట్టెను చాయ్‌లో నానబెట్టుకుని మింగింది. శనగలున్నప్పుడు పళ్లుండవు, పళ్లున్నప్పుడు శనగలుండవు అని ఊళ్లో ఎవరైనా సామెత విసిరితే అక్కడినుంచి లేచిపోయేది.

ఇప్పుడు ఆసుపత్రి నేల మీద కూర్చుని, చాలాసేపటికి నోటి మీది చేతులు తీసింది.

"గా రెండు వాళ్లకు దొరకలే బిడ్డా," అంది డాక్టరమ్మతో. "నీకూ దొరకొద్దు. గంతే నాకు కావాల్సింది."

"దొరకవు," అంది ప్రజ్ఞ. "నేను మాటిస్తున్న."

షుగరు, బీపీ చూశారు. ముందు చీముకు మందులిచ్చారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు అత్తాకోడళ్లు పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రానికి వచ్చేవాళ్లు. సూది నొప్పి తప్ప ఇంకే నొప్పీ లేకపోవడం కిష్టవ్వకు వింతగా అనిపించింది. పళ్ల జోలికి పోవడమంటే చంపడమే అని ఆమె అనుకుంటూ వచ్చింది కదా. ఆ రెండింటికీ లోహపు తొడుగులు వేశారు. వాటికి కొక్కేలతో పట్టుకునేలా పైనొకటి, కిందొకటి పెట్టుడుపళ్ల వరసలు చేసి పెట్టారు. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుని ఆమె నవ్వలేదు, ఏడ్చింది. అద్దంలో ఉన్నది లచ్చయ్యకు తెలిసిన మొహం.

మరునాడు అరుగు మీద కూర్చుని కాల్చిన మక్కకంకి కొరికింది. గింజ పంటి కింద చిట్లితే వచ్చే పాలరుచి ఆమె నాలుకకు గుర్తే లేదు. ఒకటి తిని ఇంకొకటి కాల్చమంది. "అరుగదు అత్తమ్మా" అని నవత అంటున్నా వినలేదు. తిన్నాక చాట ఒళ్లోకి తీసుకుంది. తునికాకులో తంబాకు పోసి చుట్టడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకోవడం మరిచిపోయింది. పాతికేళ్ల తర్వాత మళ్లీ ఆమె పెదవులు కదిలాయి.

గోడ అవతల నుంచి పరశురాములు చూశాడు.

అతనికీ పంటినొప్పే. ఎడమవైపు కింది దవడ పన్ను ఏడాదిగా పుచ్చి ఉంది. మొదట లవంగం పెట్టాడు, తర్వాత తంబాకు కుక్కాడు, ఆ తర్వాత ఎవరో చెబితే జిల్లేడు పాలు పోశాడు. చిగుళ్లు కాలిపోయాయి కానీ పన్ను కదిలిందే తప్ప ఊడలేదు. కిష్టవ్వ మక్కకంకి తిన్న వారానికి దవడ బూరెలా వాచింది, ఒక కన్ను మూసుకుపోయింది. గోడ మీదుగా చూసి నవతే జాలిపడింది. జాలికి వరసలు తెలియవు.

"చిన్నమామా, కరీంనగర్ పోండ్రి. నరం తీసి మంచిగ జేస్తరు. మా అత్తమ్మకు గట్లనే వాచింది."

"నాకెరుకనే," అన్నాడు పరశురాములు పళ్లు విడవకుండా. "మీ అత్త దవడ దిగింది, నా దవడ లేసింది. గది ఏడికెల్లి వచ్చిందో డాక్టర్‌కు ఏమెరుక?"

ఇది అతని తెలివి. పన్ను పుచ్చింది తన నోట్లో, జిల్లేడు పాలు పోసింది తన చెయ్యి, అయినా దోషం గోడ అవతలిది. బిడ్డ చచ్చినప్పుడు ఏ లెక్క వేశాడో ఇప్పుడూ అదే వేశాడు. బాణామతి నొప్పికి డాక్టరు మందు పనిచేయదు కాబట్టి డాక్టరు దగ్గరికి పోనే పోడు. మరి ఏం చేయాలి? పాతికేళ్ల కింద సగంలో ఆపిన పని పూర్తిచేయాలి.

ఒక మధ్యాహ్నం, ఎండకు వాడంతా తలుపులు దగ్గరేసుకున్న వేళ, పరశురాములు రాయమల్లును వెంటేసుకుని వచ్చాడు. అప్పుడు పదిమంది వచ్చారు. వాళ్లలో కొందరు చచ్చారు, కొందరు మంచాన పడ్డారు, మిగిలినవాళ్లకు పౌరుషం ఉన్నా మోకాళ్లు లేవు. రాయమల్లు కూడా గడప దాటడానికి తలుపు పట్టుకోవాల్సి వచ్చింది. ముసలితనం మనిషికి నడుం వంచుతుంది గానీ బుద్ధిని వంచాలని ఎక్కడా రాసిపెట్టి లేదు.

నవత ఎదురొచ్చింది. రాయమల్లు ఆమెను ఒక్క తోపు తోశాడు. నుదురు ద్వారబంధానికి కొట్టుకుని ఆమె గదిలో పడింది. బయటినుంచి గొళ్లెం పెట్టేశాడు. లోపలినుంచి ఆమె తలుపు బాదుతూనే ఉంది.

అరుగు మీద కిష్టవ్వ లేవబోయింది. చాట బోర్లాపడి తంబాకు చెల్లాచెదురైంది. రాయమల్లు వెనకనుంచి వచ్చి ఆమె తలను చంకలో ఇరికించాడు. అదే చంక. అదే చెమట, అదే కల్లు వాసన. పాతికేళ్లు నడుమ లేనట్టే అయింది, కిష్టవ్వ ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయింది.

"వదినా, జర ఆగు," అన్నాడు పరశురాములు. అతని నోటినుంచి కుళ్లు కంపు కొట్టింది. చేతిలో పాత పట్కారు ఉంది. "నీ పానం తియ్య. గా రెండు పీకుత, గంతే. నాకు సస్తున్నట్టున్నది."

"పరశురాములూ, నీ పన్ను పుచ్చిందిరా," అంది కిష్టవ్వ ఊపిరాడక. "నేనేం జెయ్యలే."

"గప్పుడూ గిట్లనే అన్నవ్."

మోకాలు ఆమె కడుపు మీద ఆనించాడు. ముక్కు మూసి నోరు తెరిపించాడు. అడ్డమొచ్చిన ముందు పళ్లను పట్కారుతో పట్టి లాగితే పైవరస మొత్తం, పళ్లూ చిగుళ్లూ కలిపి, అతని చేతిలోకి వచ్చేసింది. పరశురాములు కెవ్వున కేకేసి దాన్ని నేలకు కొట్టాడు. అది రెండు ముక్కలైంది. ఏం చేయాలో తోచక అరిచాడు, పిడికిలితో ఆమె మొహం మీద గుద్దాడు. పెదవి చీలింది. మళ్లీ గుద్దాడు. కింది వరస దానంతటదే జారి రొమ్ము మీద పడింది. అప్పుడు ఆమె బుగ్గలో వేళ్లు దూర్చి, వెనక మిగిలిన పళ్ల కోసం తడిమాడు.

కిష్టవ్వ నోరు మూసింది.

పైదీ కిందదీ, ఆ రెండు పళ్లూ అతని చూపుడువేలి మీద కలుసుకున్నాయి. వాటిలో నరం లేదు. తొడుగుల కింద అవి రాళ్లలా ఉన్నాయి. ఎముక తగిలినా వాటికి జివ్వుమనలేదు. కిష్టవ్వ ఇంకా బిగించింది. పాతికేళ్ల గట్క, పాతికేళ్ల కొంగు, లచ్చయ్య పక్కటెముకలు, అన్నీ ఆ దవడలోకి వచ్చాయి. వేలి కణుపు దగ్గర టప్పుమంది. పరశురాములు అరిచిన అరుపుకు వాడలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. పట్కారు అతని చేతిలోంచి జారి ఆమె ఒళ్లో పడింది.

కిష్టవ్వ వేలు వదిలి దాన్ని అందుకుంది.

"లచ్చయ్యకు," అంది, కొట్టింది.

పట్కారు వాచిన దవడ మీద పడింది. లోపల ఏదో పగిలింది. పుచ్చిన పన్ను ఎగిరి తంబాకులో పడింది, దాని వెంట నోట్లోంచి చీమూ నెత్తురూ ధారగా పడ్డాయి. ఆ కంపుకు రాయమల్లు ఆమెను వదిలేసి అరుగు చివర కూర్చుని కక్కుకున్నాడు. పరశురాములు మోకాళ్ల మీద కూలాడు. కిష్టవ్వ లేచి నిలబడింది. గడ్డం మీదినుంచి నెత్తురు కారుతోంది, తనదెంతో అతనిదెంతో తెలియదు. ఈసారి నెత్తి మీద కొట్టడానికి పట్కారు ఎత్తింది. చంపాలనే ఎత్తింది. అందులో దాపరికం లేదు.

పరశురాములు తలెత్తి చూశాడు. కళ్లనిండా నీళ్లు.

"పోయింది," అన్నాడు. "నొప్పి పోయింది వదినా."

ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది.

"తీసేసినవ్. నువ్వు పెట్టింది నువ్వే తీసేసినవ్. మా తల్లే." కొరికిన వేలు వేలాడుతుండగానే రెండు చేతులూ జోడించి ఆమె కాళ్ల మీద పడ్డాడు. దెబ్బకు దయ్యం దిగుతుందంటారు. ఇక్కడ దిగింది చీము. అయినా వాకిట్లో గుమిగూడిన జనంలో ఒకామె చెంపలేసుకుంది. ఆమెను చూసి ఇంకొకామె వేసుకుంది. లచ్చయ్య చచ్చిన రోజు కూడా కిష్టవ్వకు ఇంత కడుపు మండలేదు. ఒక్క దెబ్బ, బతుకు మొత్తంలో ఒకే ఒక్క దెబ్బ కొట్టింది, అది కూడా వాడికి వైద్యమైపోయింది. కాళ్ల మీద పడి మొక్కేవాడిని ఎట్లా చంపాలో ఆమెకు తెలియలేదు. లోపలికి పోయి నవతను విడిపించి, కోడలి నుదుటి మీది గాయానికి పసుపు అద్దుతూ కూర్చుంది.

తెల్లారేసరికి వాకిట్లో కొబ్బరికాయలు. నిమ్మకాయలు, ఊదుబత్తీలు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు. ముందు వరసలో దవడకు తువ్వాల కట్టుకున్న పరశురాములు.

కిష్టవ్వ చీలిన పెదవితో, బోసినోటితో గడపలో నిలబడి వాళ్లందరినీ చూసింది. స్తంభానికి కట్టినప్పుడు చుట్టూ నిలబడినవాళ్లు అందులో ఉన్నారు, వాళ్ల బిడ్డలు ఉన్నారు. ఇవాళ జోడించిన ఈ చేతులు, రేపు ఏ పిల్లకైనా జ్వరం తగ్గకపోతే, మళ్లీ మోకు పట్టుకుని వస్తాయి. ఆ సంగతి ఆమెకు మాత్రమే తెలుసు. అరుగు మీద కూర్చుంది. చాట ఒళ్లో పెట్టుకుంది. బీడీ చుట్టింది.

"లాభం," అంది అందరికీ వినబడేలా. ఒకటి అనకుండా లాభం అనడం అక్కడి లెక్క. ఇంకోటి చుట్టింది. "రెండు." ఇంకోటి. "మూడు." జనం చెవులొగ్గి విన్నారు. ఆమె ఆగలేదు, తొందరపడనూ లేదు. "ఇరువై నాలుగు. ఇరువై ఐదు. కట్ట." దారం బిగించి ఆ కట్టను పరశురాములు ఒళ్లోకి విసిరింది.

"గిదే నా మంత్రం. గప్పుడు నేను సదివింది గిదే. తప్పితే కార్ఖానాల ఒప్పుకోరు, గందుకే నోట్లె లెక్కవెట్టుకునేది. గిందుకు నా పండ్లు పీకినవ్. గిందుకు మీ అన్నను సంపినవ్. నీ బిడ్డను నేను సంపలే పరశురాములూ. కరీంనగర్ పొమ్మంటే నువ్వు పోలే."

పరశురాములు కట్టను చేతిలో పట్టుకున్నాడు. తువ్వాల కింద అతని పెదవులు కదిలాయి, ఒక్కొక్క బీడీ మీద బొటనవేలు పెడుతూ లెక్కపెట్టుకున్నాడు. చివరిదాకా వచ్చాక తల ఇక ఎత్తలేదు. అతని భుజాలు కుదుపులతో ఊగాయి. ఆ ఏడుపు పంటినొప్పికి కాదు.

జనానికి అర్థమైందని కిష్టవ్వ అనుకుంది.

అప్పుడు జమున అనే పడుచు ముందుకు వచ్చింది. చంకలో పిల్ల సోలిపోయి ఉంది, ఒళ్లు పెనంలా కాలుతోంది. "పెద్దవ్వా," అంది, "ఇప్పుడు సదివిన గదే, మా పోరి మీద ఒక్కసారి సదువు."

కిష్టవ్వకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెంటినీ మింగింది. పిల్ల మెడ మీద చెయ్యి పెట్టి చూసింది.

"సదవకపోతే దావఖానకు తీస్కపోతవా?"

"నువ్వు సదివితెనే ఏడికన్న పోత."

వెనక్కి తిరిగి నవతను చూసింది. ఆటో పిలవమని చేత్తో చెప్పింది. తర్వాత పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, లాభం నుంచి ఇరవై ఐదు దాకా చదివింది. "కట్ట" అని నుదుటి మీద ఊదింది.

"సదివిన. ఇగ గిది పనిజేయాల్నంటే ఇప్పుడే మెట్‌పల్లి దావఖాన మెట్లు ఎక్కాలె. డాక్టర్ కరీంనగర్ పొమ్మంటే కరీంనగర్ పోవాలె. మంత్రగాని తానకు పోతే తిరగబడ్తది. నవత నీ ఎంబడి వస్తది." పరశురాములు వైపు తిరిగింది. "నువ్వు గూడ ఎక్కు. లోపల చీము ఇంకున్నది, వేలు సూపెట్టుకో. నీకు గూడ సదివిన అనుకో."

ఆటో వచ్చింది. జమున పిల్లతో ఎక్కింది, నవత పక్కన కూర్చుంది. పరశురాములు ఒక కాలు ఆటోలో పెట్టి, ఆగి, వెనక్కి చూశాడు.

"వదినా, నా పట్కారు," అన్నాడు నెమ్మదిగా. "మోటర్ల పనికి కావాలె."

పట్కారు కిష్టవ్వ చాటలో, తునికాకుల కింద ఉంది. నెత్తురు కడగలేదు.

"గది నా తాననే ఉంటది," అంది కిష్టవ్వ. ఆకు తీసుకుంది, తంబాకు పోసింది, కొంగు నోట్లో పెట్టుకోకుండా మళ్లీ లాభం నుంచి మొదలుపెట్టింది.